పొగకు వెల ఎవరు చెల్లించవలెను?



పొగాకును గూర్చి ప్రసంగింపుమని కార్యదర్శిగారు కోరినప్పుడు కొంత సంకోచించితిని. మా తాతగారు చుట్ట వెలిగించనిదే పొలమునకు బయలుదేరెడివారు కారు. గుంటూరు సీమలో మా యింటి చదువులన్నియు పొగాకు పంట మీదనే సాగినవి. ఆ యుప్పు తిన్నవాడను. ఉద్యోగరీత్యా నాకు పని వైద్యవ్యయపు బిల్లులతో. ఈ సభలోనే పన్నుల శాఖవారును ఉన్నారు. వారు పొగాకు మీద సుంకము రాబట్టుదురు, మేము పొగాకు తెచ్చిన రోగములకు సొమ్ము చెల్లింతుము. ఖజానా ఒక్కటే.

ఈ లెక్క అమెరికాలో న్యాయస్థానమున కెక్కినది. 1954 మొదలు అక్కడి రోగులు సిగరెట్టు కంపెనీలపై వ్యాజ్యములు వేయుచునే యుండిరి. నలుబదియేండ్లు దాదాపుగా అన్నింటను ఓడిరి. ‘తెలిసియే త్రాగితివి గదా!’ యని కంపెనీల సమాధానము. 1994లో మిసిసిపీ రాష్ట్ర అటార్నీ జనరల్ మైక్ మూర్ వేఱొక దారి త్రొక్కెను. రోగికి బదులు రాష్ట్రమే వాదిగా నిలిచినది. రాష్ట్రము ఏనాడును సిగరెట్టు త్రాగలేదు; అయినను మెడికెయిడ్ పథకము క్రింద బీదల చికిత్సకు సొమ్ము పోసినది. ఆయన కోర్టు ముందు పెట్టినది పద్దుపుస్తకము! గుమాస్తాగిరీ చేసిన మనకు ఈ వాదములోని బలము ఇట్టే బోధపడును.

పొగత్రాగువారు ముందుగా మరణించుటచే ప్రభుత్వమునకు పింఛనులు మిగులునను ఎదురువాదము కూడ ఒకటి కలదు. 2001లో చెక్ దేశమున ఫిలిప్ మోరిస్ కంపెనీ వ్రాయించిన నివేదిక ఒకటి ఇట్టి ‘ఆదా’ను లెక్కగట్టి చూపెను. లోకము ఛీ కొట్టగా కంపెనీ క్షమాపణ చెప్పుకొనెను. పింఛను పుచ్చుకొను పెద్దలు ఈ సభలో పలువురున్నారు, నేను వ్యాఖ్యానింపను.

మిసిసిపీ 1997లో రాజీపడినది. మఱి మూడు రాష్ట్రములును వేఱువేఱుగ రాజీపడిన పిదప, 1998 నవంబరులో తక్కిన 46 రాష్ట్రములతో కంపెనీలు ఒడంబడిక చేసికొనెను. మొదటి 25 ఏండ్లలో 20,600 కోట్ల డాలర్లు చెల్లింపవలెనని అంచనా. విజయమే. కాని ఆ చెల్లింపులు సిగరెట్ల అమ్మకములతో ముడిపడియున్నవి. అమ్మకము తగ్గిన రాబడియు తగ్గును. కొన్ని రాష్ట్రములు రాబోవు సొమ్మును చూపి బాండ్లమ్మి అప్పులు తెచ్చుకొన్నవి. వాది ప్రతివాది వ్యాపారము చల్లగా ఉండవలెనని కోరుకొను స్థితి వచ్చినది.

మనము నవ్వనక్కఱలేదు. పొగాకు బోర్డు 1976లో గుంటూరున వెలసి, వాణిజ్య శాఖ క్రింద పంటను పోషించుచున్నది. ఆరోగ్య శాఖయో, 2016 నుండి పెట్టెపై 85 వంతులు భయంకర చిత్రములు ముద్రింపించుచున్నది. జీవిత బీమా సంస్థకు సిగరెట్లు చేయు ఐ.టి.సి.లో వాటాలుండుట ఎట్లని 2017లో బొంబాయి హైకోర్టులో వ్యాజ్యము పడినది. మురళీ దేవరా వ్యాజ్యములో సుప్రీంకోర్టు 2001లో బహిరంగ స్థలములందు పొగత్రాగుటను నిషేధించెను. 2003లో శాసనము వచ్చెను. వెల మాట మాత్రము అట్లే యున్నది. 2017-18 సంవత్సరమునకు పొగాకు వలని నష్టము 1 లక్షా 77 వేల కోట్ల రూపాయలని ఒక అధ్యయనము తేల్చినది. సుంకముగా వచ్చిన ప్రతి నూరు రూపాయలకు 816 రూపాయల నష్టమట! అందు చికిత్స వ్యయము కొంతయే. అధిక భాగము అకాల మరణములచే పోయిన సంపాదన.

ఆ సుంకములో కొంత చికిత్సకును, కొంత పంట మార్చుకొను రైతునకును విడిగా కట్టియుంచవలెనని నా మతము. మా పెదనాన్నగారి కుమారులు అపరాలు వేయ ప్రయత్నించి, గిట్టుబాటు కాక మరల పొగాకునకే వచ్చిరి.

కొన్నేండ్ల క్రిందట, విశ్రాంతి పొందిన ఉద్యోగి యొకరి ఊపిరితిత్తుల కేన్సరు బిల్లు నా బల్లమీదికి వచ్చినది. ‘చేజేతుల తెచ్చుకొన్న జబ్బునకు ప్రభుత్వమేల చెల్లింపవలెనండీ?’ అని క్రొత్తగా చేరిన అసిస్టెంటు అడిగెను. ఆ వృద్ధుడు నలుబదియేండ్లు పెట్టెపెట్టెకు కట్టిన సుంకము ఆ ఫైలులో ఎక్కడను లేదు. ఆ మాట అతనితో చెప్పి, సంతకము చేసి పంపితిని.