బ్యాకప్ వేసే ముందు ఒక్క క్షణం ఆగండి

 

నేను కంప్యూటర్ టీచర్ను కాదు. బీఈడీ చేసి, హాస్టల్ వార్డెన్‌గా పిల్లల మధ్య బతుకుతున్నదాన్ని. మన పాటలు, కథలు ఇప్పుడు ఫోన్లలో, ల్యాప్‌టాప్‌లలో దాస్తున్నాం కాబట్టి నేను చేసిన ఒక పొరపాటు మీకు చెప్పాలి.

ఒకసారి సెలవుల్లో మా పిల్లలు తమ ఊళ్లలో పెద్దల పాటలు రికార్డు చేసి తెచ్చారు. ఏ పాట ఎవరు పాడారు, ఏ పండుగకు పాడతారు, పాత మాటలకు అర్థమేమిటి అన్నీ ఒక డేటాబేస్‌లో ఎక్కించాం. ఒకరోజు అది తెరుచుకోలేదు. కంగారులో పెన్‌డ్రైవ్‌లో ఉన్న బ్యాకప్‌ను దాని మీదే వేశాను. తెరుచుకుంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. తీరా చూస్తే అది రెండు నెలల కిందటి బ్యాకప్. ఆ తర్వాత రాసినదంతా పోయింది. పాటలు మిగిలాయి, వాటి వివరాలు మిగల్లేదు. విత్తనాల పండుగ పాట పాడిన అవ్వను మళ్లీ అడుగుదామని వెళ్లేసరికి ఆమె కాలం చేసింది. ఆ పాటలో కొన్ని మాటల అర్థం ఇప్పుడు మా ఎవరికీ తెలియదు.

నాకు అప్పుడు తెలియనిది ఒక్కటే. అలా వేసిన బ్యాకప్ కొత్తదానితో కలవదు, దాన్ని తీసేసి తాను కూర్చుంటుంది. గాదెలో ఈ ఏటి గింజలు పారబోసి, నిరుటి గింజలు పోసినట్టు.

పెద్ద కంపెనీలకూ ఈ దెబ్బ తగిలింది. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్‌నే చెరిపేశారు. రోజువారీ బ్యాకప్ సరిగా జరగడం లేదని, ఆ హెచ్చరిక మెయిళ్లు కూడా చేరడం లేదని వాళ్లకు అప్పుడే తెలిసింది. చివరికి సుమారు 6 గంటల కిందటి కాపీతో నిలబెట్టుకున్నారు. ఆ మధ్య డేటాబేస్‌లో చేరినవి తిరిగి రాలేదు.

అందుకే నాలుగు మాటలు గుర్తుంచుకోండి. పాడైందనుకున్న ఫైలును ముందు వేరేచోటికి కాపీ చేయండి, తెలిసినవాళ్లు దాన్ని బాగుచేయవచ్చు. బ్యాకప్ తేదీ చూడండి. దాన్ని పాతదాని మీద కాకుండా వేరే ఫోల్డర్లో తెరిచి, ఎన్ని పాటలున్నాయో, చివరిగా రాసినది ఉందో లేదో సరిచూడండి. ఏ ఇబ్బందీ లేని రోజుల్లో కూడా నెలకోసారి ఇలా తెరిచి చూస్తూ ఉండండి. తెరిచి చూడని బ్యాకప్‌ను నమ్ముకోవద్దు.

ఇంకొక మాట. ఈ రాత్రి ఇంటికి వెళ్లాక మీ అవ్వ దగ్గర, తాత దగ్గర కూర్చోండి. పాటతో పాటు దాని అర్థమూ అడిగి రాసుకోండి. ల్యాప్‌టాప్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి, మరో ఊళ్లో మరొకటి దాచండి. ఒకటి మీ నోట్లోనూ ఉండనివ్వండి.

జై ఆదివాసీ!