నరంలో సిగ్నల్ ఎంత స్పీడుగా వెళ్తుంది? ఎందుకు స్లో అవుతుంది?

సాఫ్ట్‌వేర్ జాబ్ చేసే రోజుల్లో నెట్ స్లో అయితేనే నాకు కంగారు. ఒకసారి మా రూమ్మేట్‌కి నరాలే స్లో అయ్యాయి.

ముందు విరేచనాలు, అవి తగ్గాయి. వారం తర్వాత పాదాల్లో తిమ్మిర్లు. ఇంకో మూడు రోజులకి మెట్లు ఎక్కలేకపోయాడు. "నీరసం రా, రెస్ట్ తీసుకో" అన్నాను. అది నా తప్పు.

హాస్పిటల్లో నరాల స్పీడ్ టెస్ట్ చేశారు. దానికి ముందు వాడి కాళ్లు చల్లగా ఉన్నాయని వెచ్చబెట్టారు. ఎందుకు?

ఎందుకంటే స్పీడుని మార్చే మొదటి విషయం టెంపరేచర్. చల్లబడిన కొద్దీ, ఒక్కో డిగ్రీకి సెకనుకి దాదాపు 2 మీటర్ల స్పీడు తగ్గుతుంది. అప్పుడు బాగున్న నరం కూడా జబ్బు నరంలా కనిపిస్తుంది.

రెండోది లావు. నరం పోగు లావుగా ఉంటే లోపల కరెంటుకి అడ్డు తక్కువ. స్క్విడ్ అనే సముద్ర జీవిలో 1 మిల్లీమీటరు దాకా లావుండే పోగు ఉంది. దాని స్పీడు సెకనుకి సుమారు 25 మీటర్లు. మన పోగులు దాంట్లో యాభయ్యో వంతే, అయినా కొన్ని 100 మీటర్లు దాటతాయి. అదెలా?

అదే మూడోది, మైలిన్. కరెంటు తీగ మీద తొడుగులా ఉండే కొవ్వు పొర ఇది. మధ్యమధ్యలో చిన్న ఖాళీలుంటాయి, వాటిని రాన్వియర్ కణుపులు అంటారు. సిగ్నల్ కణుపు నుంచి కణుపుకి దూకినట్టు వెళ్తుంది. పల్లెవెలుగు బస్సుకీ ఎక్స్‌ప్రెస్‌కీ ఉన్న తేడా అన్నమాట. మైలిన్ లేని సన్నటి నొప్పి పోగుల్లో స్పీడు సెకనుకి 1 మీటరే. అందుకే కాలి వేలు గుమ్మానికి కొట్టుకుంటే దెబ్బ ముందు తెలుస్తుంది, సలుపు తర్వాత వస్తుంది.

మావాడికి దెబ్బతిన్నది ఈ మైలినే. జబ్బు పేరు గిలియన్ బారే సిండ్రోమ్. ఇన్ఫెక్షన్‌తో పోరాడాల్సిన ఇమ్యూనిటీ సొంత నరాల మీద పడింది. 2025 జనవరిలో పుణెలో చాలామందికి వచ్చింది ఇదే. ముదిరితే ఊపిరి తీసే కండరాలు కూడా ఆగిపోవచ్చు. వాడికి ఇమ్యూనోగ్లోబ్యులిన్ ఐదు రోజులు ఎక్కించారు. మైలిన్ మళ్లీ మెల్లగా పెరుగుతుంది. నెలలు పట్టింది కానీ ఇప్పుడు నడుస్తున్నాడు.

ఒక్కటి గుర్తుపెట్టుకోండి. రెండు కాళ్లలో తిమ్మిరి మొదలై, రోజురోజుకీ బలం తగ్గుతూ పైకి పాకుతోందా? నీరసం అనుకోకండి, నాలా సలహాలివ్వకండి. ఆ రోజే హాస్పిటల్‌కి వెళ్లండి.