మన కాగితాలు ఎవరి ఖాతాలో ఉన్నాయి?

 

నన్ను ఫోన్ల గురించి, క్లౌడ్ గురించి మాట్లాడమన్నారు. జల్, జంగల్, జమీన్ అనే సభలో ఇదేం ముచ్చట అని కొందరికి అనిపించొచ్చు. మరి మన జమీన్ కాగితాల నకళ్లు ఇవాళ ఎక్కడున్నాయి? చాలా ఊళ్లల్లో ఒక తమ్ముడి ఫోన్లో ఉన్నాయి. అందుకే మాట్లాడుతున్నా.

క్లౌడ్ అంటే మబ్బు. కానీ అందులో మబ్బేం లేదు. ఎక్కడో ఒక కంపెనీ కట్టిన భవనంలో వేల కంప్యూటర్లు ఉంటాయి. మనం ఎక్కించిన ఫొటో, ఫైలు అక్కడ దాస్తారు. ఫోను వాగులో పడిపోయినా ఇంకో ఫోన్లో అదే ఖాతా తెరిస్తే ఫైలు దొరుకుతుంది. లాభం అది. కానీ ఖాతా ఎవరిదైతే తాళం చెవి కూడా వాళ్లదే. చిక్కు కూడా అక్కడే ఉంది.

ఎందుకు ఇంత గట్టిగా చెప్తున్నానంటే, 2006 అటవీ హక్కుల చట్టం కింద మన దరఖాస్తును సబ్ డివిజన్ కమిటీ కాదంటే, జిల్లా కమిటీకి పిటిషన్ పెట్టుకోవడానికి 60 రోజుల గడువు. ఆ నిర్ణయాన్ని దరఖాస్తుదారుకు నేరుగా తెలియజేయాలని 2012లో సవరించిన నియమాలు చెప్తున్నాయి.  ఆ 60 రోజుల్లో దరఖాస్తు నకలు, రసీదు, గ్రామసభ తీర్మానం, పటం, రాతలో పెట్టిన పెద్దల వాంగ్మూలం అన్నీ ముందు పెట్టుకోవాలి. వెతకడానికే నెల పోతే రాసేదెప్పుడు? ఆఫీసుల చుట్టూ తిరిగేదెప్పుడు?

వాట్సాప్ గ్రూపు ఉంది కదా అంటారు. ఉంది, ఒక గ్రూపులో 1024 మంది దాకా ఉండొచ్చు. రేపు గ్రామసభ అని చెప్పడానికి అది బాగా పనికొస్తది. అది మన డప్పు. డప్పు కొడితే ఊరంతా వింటది, కానీ ఆర్నెల్ల తర్వాత ఆ చాటింపును తీసి చూపించమంటే ఎవరు చూపిస్తారు? తీర్మానం ఫొటో పెళ్లి ఫొటోల కింద, గుడ్ మార్నింగుల కింద పడిపోతది. ఫోన్ నిండిందని ఎవరో తుడిచేస్తారు.

అందుకని నాలుగు పనులు చెప్తా.

ఒకటి, సంఘం పేరు మీద వేరే ఖాతా తెరవండి. గూగుల్ ఖాతాకు 15 జీబీ జాగా ఉచితం. మన కాగితాలకు అది చాలు. పాస్‌వర్డ్ ముగ్గురి దగ్గర ఉండాలి, అందులో ఒక్క అక్కైనా ఉండాలి. ఖాతా తెరిచిన తమ్ముడు పనికి హైదరాబాద్ పోయినా, అలిగి పక్కకు జరిగినా తాళం చెవి ఊళ్లోనే ఉండాలి. రెండేళ్లు ఎవరూ తెరవని ఖాతాను గూగుల్ తీసేయొచ్చు, కాబట్టి ప్రతి గ్రామసభ తర్వాత తెరిచి చూడండి. సొసైటీగానో ట్రస్టుగానో రిజిస్టరైన సంఘాలైతే, లాభాపేక్ష లేని సంస్థలకు గూగుల్ ఉచితంగా ఇచ్చే వర్క్‌స్పేస్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. అప్పుడు ఖాతాలన్నీ సంఘం చేతి కింద ఉంటాయి.

రెండు, ఎవరు చూడగలరో సరి చూసుకోండి. ఫైలుకు 'లింకు ఉన్న ఎవరైనా' అని పెడితే, ఆ లింకు ఎవరి చేతిలో పడితే వాళ్లు చూస్తారు. ఆధార్, బ్యాంకు పుస్తకం ఫొటోలు గ్రూపుల్లో పెట్టొద్దు. వాట్సాప్ మాటలకు తాళం ఉంటది గానీ, బ్యాకప్‌కు ఆ తాళం మనమే సెట్టింగ్స్‌లో వేసుకోవాలి. టెలిగ్రామ్ మామూలు గ్రూపులకు అలాంటి తాళం లేదు. ఇద్దరి మధ్య రహస్య చాట్‌కే ఉంది. సిగ్నల్ యాప్‌లో మాత్రం గ్రూపులకూ ఉంది. దాన్ని నడిపేది లాభాపేక్ష లేని సంస్థ. కంపెనీ దగ్గర ఉన్నదాన్ని ప్రభుత్వం చట్టప్రకారం అడిగితే అది ఇవ్వాల్సి రావొచ్చు. ఏం ఎక్కిస్తున్నామో ఎక్కించే ముందే ఆలోచించాలి.

మూడు, సిగ్నల్ లేని ఊరిని వదలొద్దు. గుట్టెక్కితే గానీ ఫోన్ మోగని ఊళ్లు మనవి. కాగితం ఊళ్లోనే ఫొటో తీసుకుని, వారం సంతకు వచ్చినప్పుడు ఎక్కించండి. చదవడం రానివాళ్లకు మన భాషలో గొంతు పంపండి. ఛత్తీస్‌గఢ్‌లో 2010 నుంచి సీజీనెట్ స్వర ఇదే చేసి చూపించింది. మామూలు ఫోన్ నుంచి ఫోన్ చేసి గోండిలో సమస్య చెప్తే మిగతావాళ్లు ఫోన్లోనే విన్నారు. ఇంటర్నెట్ లేదని గొంతు ఆగలేదు.

నాలుగు, అసలు కాగితాన్ని పారేయొద్దు. క్లౌడ్‌లో ఉండేది నకలే. విత్తనాలు మొత్తం ఒక్క గాదెలో పోయం కదా. అసలు ఊళ్లో ఉండాలి, జిరాక్స్ ఇంకో ఇంట్లో ఉండాలి, ఫొటో సంఘం ఖాతాలో ఉండాలి.

ఇవాళ ఇంటికి పోయాక మీ ఊరి అటవీ హక్కుల కమిటీని మూడు మాటలు అడగండి. తీర్మానాల పుస్తకం ఎవరింట్లో ఉంది? దాని ఫొటోలు ఎవరి ఖాతాలో ఉన్నాయి? ఆ ఒక్కరు ఊళ్లో లేకపోతే ఎవరు తీయగలరు? మూడో దానికి జవాబు రాకపోతే ఈ వారం సంత దాకానే ఆగండి. సంత రోజు ముగ్గురు కలిసి కూర్చుని ఖాతా తెరవండి.