ప్రింటర్ కంటే ముందు కప్స్‌ని చూడండి

లైనక్స్ కంప్యూటర్‌లో ప్రింట్ ఇస్తే కాగితం కదలడం లేదా? కేబుళ్లు పీకేముందు ఒక్క నిమిషం ఆగండి. మన ఫైలును ప్రింటర్ దాకా చేర్చేది కప్స్ అనే సర్వీసు. మైఖేల్ స్వీట్ రూపొందించగా 1999లో విడుదలైంది. ఆపిల్ మ్యాక్‌లలోనూ ఉంది. ఈ సర్వీసు మొదలుకాకపోతే ప్రింటర్ ఎంత మంచిదైనా లాభం లేదు.

ముందు టెర్మినల్‌లో 'సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ కప్స్' కొట్టండి. 'ఫెయిల్డ్' అని వస్తే, 'జర్నల్‌సీటీఎల్ మైనస్ యు కప్స్' చూడండి. కారణం చాలావరకు అక్కడే రాసి ఉంటుంది. చాలామంది అది చదవకుండానే సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ వేస్తారు. దయచేసి ఆ తొందర వద్దు. చెడిన సెట్టింగుల ఫైలు అప్పటికీ అలాగే మిగిలిపోవచ్చు.

నేను మొదట అనుమానించేది ఆ ఫైలునే: ఈటీసీలో కప్స్ ఫోల్డరు, అందులో కప్స్‌డీ డాట్ కాన్ఫ్. చేత్తో మార్చినప్పుడు ఒక్క మాట తప్పుపడినా సర్వీసు మొరాయించవచ్చు. రూట్ అధికారంతో 'కప్స్‌డీ మైనస్ టీ' నడపండి, తప్పు ఏ వరుసలో ఉందో చెబుతుంది. దిద్దేముందు మాత్రం ఒక నకలు దాచుకోండి.

ఫైలు బాగానే ఉంటే, డిస్కు నిండిందేమో, కప్స్ వాడే 631 పోర్టును మరో ప్రోగ్రాం పట్టుకుందేమో చూడండి. సరిచేశాక 'సుడో సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్ కప్స్' కొట్టి, ఒక పరీక్ష పేజీ ప్రింట్ ఇవ్వండి.