చెరువుగట్టు గడ్డి



ఈ బెంగుళూరు నగరమున గోవును గూర్చి మాటలాడవలసి వచ్చినప్పుడెల్ల నాకు 1927వ సంవత్సరము స్ఫురించును. ఆ యేట అనారోగ్యమువలన నంది కొండమీదను, పిదప బెంగుళూరునందును విశ్రాంతి గైకొనుచుండిన గాంధిమహాత్ముడు, ఆడుగోడిలోని ప్రభుత్వ పశుసంవర్ధన సంస్థకు పోయి, విలియం స్మిత్ అను నిపుణునియొద్ద గోపోషణవిద్యను శిష్యునివలె అభ్యసించెను. 1923లో వెలసిన ఆ సంస్థయే నేటి జాతీయ పాడిపరిశోధన సంస్థకు మూలము. ప్రధానస్థానము 1955లో కర్నాలునకు తరలిపోగా ఇచట దక్షిణ శాఖ మిగిలినది. గోవును పూజించుట వేరు, దాని కడుపులోనికి పోవు మేతను గుర్తెఱుగుట వేరు. నేడు నేను చెప్పదలచినదంతయు ఆ మేతను గూర్చియే.

బెళ్ళందూరు, వర్తూరు చెరువుల అంచున పశుపోషకులు నీటిలో దిగి కొడవళ్ళతో పచ్చగడ్డి కోసి మోపులు కట్టుట మీలో పలువురు చూచియేయుందురు. బీడులన్నియు మేడలక్రింద అణగిపోయిన పట్టణమున వారికి వేఱొక దారి లేదు గనుక నేను వారిని నిందింపను. కాని ఆ గడ్డికాడల నంటుకొని, గసగసాల గింజకన్నను చిన్నవైన గుల్లలలో, కార్జపు జలగ పిల్లలు పొంచియుండును. పెరిగిన జలగ ఆకువలె చదునై, రెండంగుళములకు మించుటయు గలదు. అది ఆవు పైత్యనాళములలో కాపురముండి గ్రుడ్లు పెట్టగా, అవి పైత్యరసముతో ప్రేగులలోనికిని, పేడతో చెరువులోనికిని జేరును. నీట పగిలిన గ్రుడ్డునుండి వెడలిన సూక్ష్మజీవి నత్తను వెదకికొని, దాని మెత్తని దేహమును దొలుచుకొని దూరి, అచట ఒకటి వందలై, మరల నీటికి వచ్చి, గడ్డిని బట్టుకొని, తోక విడిచి, గుల్ల గట్టుకొని, నోరులేని పశువు వచ్చి నమలువఱకు వేచియుండును. అనగా ఆవు తన పేడతో చెరువున కిచ్చిన ఋణమును చెరువు గడ్డిమోపులో వడ్డీతోగూడ తీర్చుచున్నదన్నమాట!

పొట్టజలగల కథయు ఇంచుమించు ఇదియే. పెద్దవి పొట్టలో మెదలక యుండును గాని, వాని పిల్లలు చిన్నప్రేగును గీకుచు దుర్గంధముతో గూడిన పారుడు పుట్టించి, పడుచు పెయ్యలను పడగొట్టును. దూడలలో కనబడు ఏలికపాముల మార్గము వేఱు. అవి తల్లిపాలతోడనే సంక్రమించును.

ఇఁక ఈ జలగలను కనుగొను పేడపరీక్ష యెట్లు చేయుదుమో చెప్పెదను. చెంచాడు పేడను నీట కలిపి, వడబోసి, గాజుగ్లాసులో కదల్పక యుంచి, పైతేట పారబోసి, మరల నీరు పోసి, ఇట్లు మూడు నాలుగు మార్లు చేసి, అడుగున మిగిలిన మడ్డిలో ఒక చుక్కను సూక్ష్మదర్శినిక్రింద బెట్టుదుము. జలగ గ్రుడ్లు బరువైనవి గనుక అడుగుననే దొరకును. కార్జపు జలగది పైత్యము పూసినట్లు పసుపుపచ్చగాను, పొట్టజలగది గాజువలె తెల్లగాను ఉండును. ఒకనాడు ఒక పశుపోషకుని పిలిచి చూపితిని. అతడు చాలసేపు కన్ను తీయక చూచి, "ఇదేనా సార్, నా ఆవును తినేస్తా ఉండేది?" అనెను. ఆ యావు దవడక్రింద నీరు దిగి సంచివలె వ్రేలాడుచుండెను. అతడు అంగడికి పోయి "నట్టల మందు" అని మాత్రమే అడిగి, ఐవర్‌మెక్టిన్ తెచ్చి, మూడుమార్లు వేయించియుండెను. ఆ మందు సామాన్యమైనది కాదు. దానిని లోకమునకిచ్చిన కాంప్‌బెల్, ఓమురాలకు 2015లో నోబెల్ బహుమానము లభించినది. ఏలికపాములపై అది రామబాణమే, కాని జలగల నది ముట్టనైన ముట్టదు. మందు మంచిది, శత్రువు వేఱు. మూడు నెలల కాలమును ధనమును వ్యర్థమైనవి.

గ్రుడ్లు కనబడలేదని నిశ్చింతగా నుండుటయు తగదు. జలగపిల్ల కార్జమును దొలుచుకొని నాళము జేరి గ్రుడ్లు పెట్టుటకు మూడు నాలుగు మాసములు పట్టును. ఈలోపల పేడ నిర్మలముగనే కనబడును. ఇంకొకటి: ఆల్బెండజోల్ అను నట్టల మందును చూలు తొలిదినములలో వేయరాదు. ఏ మందైనను వేసిన పిదప ఎన్నిదినములు పాలు పోయరాదో పశువైద్యు నడిగి తెలిసికొనవలెను. మన పిల్లలు త్రాగునవి ఆ పాలే గదా!

గడ్డిని నీటిమట్టమునకు పైగా కోసి, బాగుగ ఎండబెట్టి వేసినచో ఆ గుల్లలలో పెక్కు నశించును. పేడను చెరువులోనికి కడిగివిడువక, కుప్పవేసి మాగనిచ్చిన దాని వేడికి గ్రుడ్లును నశించును. ఈ రెంటికిని కాసు ఖర్చు లేదు.

రేపటి ఉదయమున మీ యింటికి పాలు పోయువాడు వచ్చినప్పుడు, నీళ్ళు కలిపితివా యని అడుగుటకు ముందు, గడ్డి ఏ చెరువుదని అడుగుడు. నిమ్మకాయంత పేడను మూతగల డబ్బాలో బెట్టి, ఆ దినముననే పశువైద్యశాలకు పట్టుకొని పొమ్మని చెప్పుడు.