రౌటర్‌కు రెండు పాస్‌వర్డ్‌లు

ఇంట్లో ఉన్న ఇంటర్నెట్ రౌటర్‌ను ఒక్కసారి తిరగేసి చూడండి. అడుగున ఒక చీటీ అంటించి ఉంటుంది. దాని మీద వైఫై పాస్‌వర్డ్ ఉంటుంది. చాలావాటి మీద సెట్టింగుల్లోకి వెళ్లే పాస్‌వర్డ్ కూడా ఉంటుంది. ఈ రెండూ వేరు. మళ్లీ చెబుతున్నాను, రెండూ వేరు. చాలామంది వైఫైది మార్చి ఊరుకుంటారు. సెట్టింగులది మాత్రం కంపెనీ పెట్టిన 'అడ్మిన్' లాంటిదే ఉండిపోతుంది.

2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ఇలాంటి చోట్లే దూరింది. కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్ అలాగే ఉన్న కెమెరాలను, రౌటర్లను వెతికి పట్టుకుంది. ఆ అక్టోబరులో వాటితో చేసిన దాడికి అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి అందలేదు. పాపం, ఆ కెమెరాలు కొనుక్కున్నవాళ్లలో చాలామందికి సంగతే తెలియదు. అందుకే, ముందు ఆ రెండో పాస్‌వర్డ్ మార్చండి.

తర్వాత ఫర్మ్‌వేర్ అప్‌డేట్. ఫర్మ్‌వేర్ అంటే రౌటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్. అందులో లోపాలు బయటపడితే కంపెనీ సరిచేసి పంపుతుంది. సెట్టింగులను బ్యాకప్ తీసుకుని మొదలుపెట్టండి. మధ్యలో కరెంటు పోతే రౌటర్ ఇక పనిచేయకపోవచ్చు. కాబట్టి కరెంటు కోత లేని వేళ చూసుకోండి. లైట్లు ఆరి వెలుగుతున్నాయని కంగారుపడి స్విచ్ ఆపేయకండి.

రౌటర్ ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిందైతే, అప్‌డేట్ వాళ్లే చేస్తారేమో కస్టమర్ కేర్‌ను అడగండి. మీ మోడల్‌కు అప్‌డేట్లు ఆగిపోయాయని చెబితే మాత్రం, బాగానే పనిచేస్తోంది కదా అని ఉంచుకోవద్దు. మార్చేయండి.