ముప్పదిరెండంకెల సంఖ్య
(రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



అవధానమనగానే మన నెల్లూరు సీమవారికి పద్యపూరణమే తలంపునకు వచ్చును. గణితమున అవధానములు చేసిన మహనీయులు లక్కోజు సంజీవరాయశర్మగారు (1907-1997). ప్రొద్దుటూరు చేరువనున్న కల్లూరులో పుట్టుగ్రుడ్డిగా జన్మించిరి. తోబుట్టువు బిగ్గరగా చదువు పాఠములను వినియే నేర్చిరి. హైదరాబాదు సభలో నూటమూడు రెండులను వరుసగా గుణించిన నెంత యగునని యడుగగా, వారు చెప్పిన సమాధానమిది:

10141204801825835211973625643008

చప్పట్లు కొట్టి యింటికి పోవుట సులభము. ఇది నిజమో కాదో మనవంటివారు తేల్చుకొనగలరా? కొంతవరకు తేల్చుకొనవచ్చును, గుణకారమంతయు చేయనక్కరలేదు.

ముందు దీని పరిమాణము చూడుడు. మొదటినాడు రెండు వడ్లగింజలు, మరునాడు నాలుగు, ఆ మరునాడు ఎనిమిది, ఇట్లు పెంచుకొనిపోగా నూటమూడవనాటికి ఇన్ని గింజలగును. గ్రాముకు యాబది గింజలు తూగుననుకొన్నను, ఆ రాశి బరువు ముప్పది భూగోళముల బరువును మించును. మైపాడు తీరమంతయు పాతర త్రవ్వినను చాలదు.

ఇక పరీక్ష. రెండును రెట్టించుచు పోయిన చివరి అంకెలు 2, 4, 8, 6 అని తిరుగుచుండును. 103ను నాలుగుచే భాగింప శేషము మూడు. వరుసలో మూడవది ఎనిమిది. సంఖ్య చివర నున్నదియు ఎనిమిదియే.

తొమ్మిదిచే భాగించిన వచ్చు శేషములు 2, 4, 8, 7, 5, 1 అని ఆరింటికొకమారు తిరుగును. 103ను ఆరుచే భాగింప మిగులునది ఒకటి. కనుక శేషము రెండు కావలెను. పై అంకెలన్నియు కూడిన 110. అందు 108 తీసివేయగా రెండే!

అయితే వ్రాతలో ప్రక్కప్రక్కనున్న రెండంకెలు తారుమారైన, కూడిక మారదు. ఈ పరీక్ష పట్టజాలదు. అందులకు పదునొకండు కావలెను. కుడినుండి బేసిస్థానముల మొత్తము 59, సరిస్థానములది 51, భేదము 8. పది రెండుల గుణకారము 1024. దానిని పదునొకండుచే భాగింప శేషమొకటి. నూరు రెండులకును అంతే. మిగిలిన మూడు రెండుల వలన ఎనిమిది. సరిపోయినది.

ఈ పరీక్షలు తప్పును పట్టునేకాని ఒప్పును పూర్తిగా రుజువు చేయవు. నిశ్చయము కావలసినవారు పది 1024లను గుణించి, వచ్చినదానిని ఎనిమిదిచే గుణింపవలెను. ఒక సాయంకాలపు పని.

మహానుభావుని పలుకును సరిచూచుట అపచారమని కొందరందురు. నేనట్లు తలపను. పృచ్ఛకుడు లేక అవధానమే లేదు.

ఈ ఉపన్యాసము సంచికలో అచ్చయినప్పుడు ముద్రారాక్షసము చొరబడినదేమో మీరే చూడుడు. బేసిస్థానములు 59, సరిస్థానములు 51.